మన మొక్కలు, వాటి మీద వాలే జీవులు: పిల్లలు రంగులు వేసే బొమ్మలు ఎలా ఉండాలి?

వంశధార గట్టు (గుణుపురం)
అందరికీ నమస్కారం. ఆదివారం తెలుగు పాఠానికి వచ్చే ఆరు నుంచి పదేళ్ల పిల్లల కోసం పన్నెండు పేజీల రంగుల పుస్తకం తయారు చేస్తున్నాం. పిల్లలకు ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. నెట్‌లో దొరికే బొమ్మలు చూస్తే ట్యూలిప్, డైసీ, బొద్దుగా బొచ్చుతో ఒక ఈగ, గంప బోర్లించినట్టు ఒక తేనెగూడు. రాయగడ, గజపతి జిల్లాల్లో పిల్లాడు గుమ్మం దాటితే కనిపించేది వీటిలో ఒక్కటీ లేదు.

మూడు విషయాలు తేల్చుకోవాలి. ఏ మొక్క పక్కన ఏ జీవిని గీయాలి? ఏ కాగితం, ఎంత మందం గీత? ఏ రంగు వేయాలో ముందే చెప్పాలా, పిల్లలకే వదిలేయాలా?

తుమ్మిపూలు (పర్లాకిమిడి)
ముందు ఆ బొద్దు ఈగ సంగతి. అది బంబుల్ బీ. మన దేశంలో అది ప్రధానంగా హిమాలయాల వైపు ఉండే జీవి. ఆ గంప గూడు యూరప్‌లో గడ్డితో అల్లే పాతకాలపు తేనెపెట్టె. రెండూ తీసేయండి. మన తేనెటీగల్ని గూటిని బట్టే చూపించవచ్చు. కొండ తేనెటీగది బండరాయికో ఎత్తయిన చెట్టుకొమ్మకో బయటకు వేలాడే ఒకే పెద్ద పట్టు. తొర్రలో ఉండేది పక్కపక్కనే నాలుగైదు పట్లు పెడుతుంది. పొదలో పుల్లని చుట్టుకుని అరచేయంత పట్టు పెట్టేది చిన్న తేనెటీగ. ఈ మూడు గూళ్లూ ఒకే పేజీలో పెడితే అదే ఒక పాఠం.

ఇక జతలు. పువ్వు పక్కన ఏదో ఒక సీతాకోకచిలుకని అలంకారానికి పెట్టొద్దు. ఆ జీవి ఆ పువ్వు దగ్గరికి ఎందుకు వస్తుందో బొమ్మలోనే కనపడాలి. నేనైతే ఇవి తీసుకుంటాను: మోదుగ–తేనెపిట్ట, ఇప్ప–గబ్బిలం, రేల–తుమ్మెద, జిల్లేడు–ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక, కరివేపాకు–కామన్ మార్మన్ సీతాకోకచిలుక, తుమ్మి–నీలిచారల తేనెటీగ, మేడి–మేడికందిరీగ. వానల్లో అయితే నాభి (అగ్నిశిఖ) పువ్వు.

పుస్తకాన్ని పూత కాలం ప్రకారం పేర్చండి. మాఘ ఫాల్గుణాల్లో మోదుగ, చైత్రంలో ఇప్ప, ఎండలు ముదిరాక రేల, శ్రావణం నుంచి నాభి, వానలు తగ్గాక తుమ్మి. జిల్లేడు ఏ నెలలోనైనా దొరుకుతుంది. పువ్వు లేని నెలలో ఆ పేజీ చేతికిస్తే పిల్లలు ఊహించి రంగు వేస్తారు, చూసి వేయరు.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ)
మోదుగు మీద ఒక మాట. మా దిక్కు మరాఠీ బళ్లె పళస్ అంటరు, ఇంట్ల మోదుగు. పేజీ కింద రెండు పేర్లూ రాయాలె. మీ దగ్గర ఒడియాల పలాశ అంటరు గదా, అది రాయుర్రి. ఇప్పకు మా దగ్గర మోహ, మీకు మహుల. రేలకు మాకు బహావా, మీకు సునారి. జిల్లేడుకు మాకు రుయీ, మీకు అరఖ. బడి పేరు, ఇంటి పేరు ఒక్కటే చెట్టుదని పిల్లలకు తెల్వకుంటే రెండు చెట్లనుకుంటరు.

బొమ్మల ఎక్కువ జరిగే తప్పు: తేనెపిట్టని గాలిల నిలబడి తాగుతున్నట్టు గీస్తరు. అది అమెరికా హమ్మింగ్‌బర్డ్ బొమ్మ చూసి గీసింది. మన తేనెపిట్ట ఎక్కువసార్లు కొమ్మ మీద కూసోనే తాగుతది. కాళ్లు కొమ్మను పట్టుకున్నట్టు గీయాలె. మోదుగు పూసేటప్పుడు ఆకులుండయి, కొమ్మ నల్లగ, మొండిగ ఉంటది. అదే కొమ్మకు పచ్చాకులు గీస్తే తప్పు. ఆకు కావాల్నంటే పక్కన వేరే డబ్బాల మూడాకుల రెమ్మ గీయుర్రి. నడిమిది పెద్దగ, పక్క రెండు వంకరగ ఉంటయి.

పువ్వుల అయిదు రేకలు: వెనక్కి మడిచిన పెద్దది ఒకటి, పక్కల రెండు, కింద చిలుక ముక్కు లెక్క వంగిన జత. కేసరాలు ఆ ముక్కు లోపలే దాగి ఉంటయి. పిట్ట తాగుతందుకు వంగి ఒత్తిడి పెడితే బయటికొచ్చి దానికి తాకుతయి. పుప్పొడి ఎక్కడ అంటుతదో పిట్ట మెడ కింద చుక్కలు పెట్టి చూపించుర్రి. ఉడుత కూడ మోదుగు మీద తిరుగుతది, దాన్ని కూడ గీయొచ్చు.

క్రేయాన్ డబ్బా (బరంపురం)
కాగితం, గీతల మాట నేను చెప్తాను. మామూలు జిరాక్స్ కాగితం 70–80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) ఉంటుంది. మైనపు క్రేయాన్లకు అది చాలు. కలర్ పెన్సిళ్లతో రెండు మూడు పొరలు వేయించాలంటే 100 జీఎస్ఎం అయినా కావాలి, లేకపోతే మూడో పొరకి కాగితం నూగు లేస్తుంది. స్కెచ్ పెన్నులు ఇవ్వకండి. వెనక్కి ఊరుతాయి, ఒకదాని మీద ఒకటి వేస్తే బురదలా అవుతుంది, పైగా లేత నుంచి ముదురు వరకు ఛాయలు రావు. పేజీకి ఒకవైపే అచ్చు వేయండి.

బొమ్మని ఏ3 మీద గీసి ఏ4కి తగ్గించండి. జిరాక్స్ మెషీన్‌లో అది 71 శాతం. అంటే 2 మిల్లీమీటర్ల గీత 1.4 అవుతుంది. ఆరేడేళ్ల వాళ్లకి అది సరిగ్గా సరిపోతుంది. పదేళ్ల వాళ్లకి 0.7 చాలు. చిన్న పిల్లలకి పేజీలో మూసిన ఖాళీలు ముప్ఫై దాటకూడదు. కేసరాల్లాంటి సన్నటి భాగాలు తప్పనిసరైతే వాటిని పక్కన పెద్ద వలయంలో విడిగా గీయాలి. పువ్వులోనే ఇరికిస్తే పిల్లలు మొత్తం ఒకే రంగు పులిమేస్తారు.

ఎప్పుడూ మొదటి ప్రతి నుంచే జిరాక్స్ తీయించండి. జిరాక్స్‌కి జిరాక్స్ తీస్తే మూడో దఫాకే ఈనెలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ ఉంటే గుర్తుంచుకోండి: చాలా ఇంక్‌లు నీళ్ల రంగు తగిలితే కరిగి పారతాయి. జిరాక్స్, లేజర్ గీతలు ప్లాస్టిక్ పొడి కరిగించి అతికించినవి కాబట్టి తడికి చెదరవు.

వంశధార గట్టు
మాస్టారూ, చాలా ఉపయోగం. రేల పక్కన తుమ్మెదే ఎందుకు? తంగేడు కూడా పెట్టమని ఇక్కడ కొందరు అంటున్నారు.

తుమ్మిపూలు
తంగేడు పొడి నేలల మొక్క. మీ చుట్టుపక్కల తేలిగ్గా దొరికితేనే పెట్టండి, లేకపోతే రేల చాలు. రెండూ దగ్గరి చుట్టాలే. రెండింటికీ పది కేసరాలు, అన్నీ ఒకేలా ఉండవు. ఇక్కడే ఈ పేజీ బంగారం అవుతుంది.

రాలిన రేల పువ్వులో లెక్కపెట్టమనండి: పొడుగ్గా వంపు తిరిగినవి మూడు, పొట్టివి నాలుగు, మరీ చిన్నవి మూడు. తంగేడులో పైన ఉండే మూడూ గొడ్డు కేసరాలు, వాటిలో పనికొచ్చే పుప్పొడి ఉండదు. తంగేడు పువ్వు మకరందం ఇవ్వదు, పుప్పొడే ఇస్తుంది. ఆ పుప్పొడి కూడా కేసరం కొసన సన్నటి రంధ్రంలోంచే రావాలి. తుమ్మెద పువ్వుని కావలించుకుని రెక్కల కండరాలతో గట్టిగా వణికిస్తే ఉప్పుడబ్బా దులిపినట్టు రాలుతుంది. మామూలు తేనెటీగకి ఆ విద్య లేదు.

బొమ్మలో తుమ్మెద రెక్కల్ని విప్పి గీయకండి, ముడిచి గీయండి. పువ్వుని పట్టుకుని వణికించే సమయంలో అది ఎగరదు. ఒంటికి నలుపు, రెక్కలకు నలుపు మీద నీలం, ఊదా పల్చగా. దాదాపు రెండున్నర సెంటీమీటర్ల జీవి. దాన్ని తేనెటీగంత చేసి గీస్తే పిల్లలకి ఎప్పటికీ తేడా తెలియదు. అందుకని ప్రతి పేజీ అడుగున ‘నిజంగా ఇంత’ అని ఒక పట్టీ పెట్టి, జీవిని అసలు కొలతలో చిన్నగా గీయండి. తుమ్మెదకి 25 మిల్లీమీటర్లు, తొర్ర తేనెటీగకి 10–11, మేడికందిరీగకి 2. ఆ చివరిది చుక్కలాగే ఉంటుంది, ఉండనివ్వండి.

నాగావళి (రాయగడ)
కీటకం ఒంటి మీద తప్పులు ఎక్కువ, అచ్చుకి ఇచ్చే ముందు ఇవి చూసుకోండి. ఆరు కాళ్లూ, నాలుగు రెక్కలూ నడిమి భాగం నుంచే రావాలి, పొట్ట నుంచి కాదు. రెండు రెక్కలే గీస్తే అది ఈగ అవుతుంది. తేనెటీగ మీసాలు మోచేయిలా మధ్యలో విరిగి ఉంటాయి, సీతాకోకచిలుక మీసాల చివర చిన్న గుండీ ఉంటుంది. పుప్పొడి ముద్ద వెనక కాళ్ల మీదే.

సీతాకోకచిలుక ప్యూపాని (గొంగళిపురుగు సీతాకోకచిలుకగా మారే దశ) పట్టుగూడులా గీయడం ఇంకో పెద్ద తప్పు. పట్టుగూడు అల్లేది పట్టుపురుగులాంటి చిమ్మట జాతి. సీతాకోకచిలుక ప్యూపా బయటికే కనిపించే నున్నటి తొడుగు, కొసన కొంచెం దారంతో అంటుకుని వేలాడుతుంది. మార్మన్‌ది అయితే నడుముకి కూడా ఒక దారం కట్టుకుని కొమ్మకి ఆనుకుని నిలబడుతుంది.

ప్రాణహిత ఒడ్డు
మోనార్క్ సంగతి గూడ చెప్పుర్రి. నెట్ల బొమ్మలన్నీ అదే.

నాగావళి
అవును. మోనార్క్ అమెరికా ఖండపు సీతాకోకచిలుక. మన జిల్లేడు మీద ఉండేది ప్లెయిన్ టైగర్. నారింజ రంగు రెక్క, ముందు రెక్క కొసన నలుపులో తెల్ల మచ్చలు, వెనక రెక్క మధ్యలో కొన్ని నల్లచుక్కలు, ఈనెలకు నల్లగీతలు ఉండవు. ఈనెలన్నీ నల్లగా ఉంటే అది స్ట్రైప్డ్ టైగర్, అది కూడా మనదే. మోనార్క్ బొమ్మని తెచ్చి జిల్లేడు మీద కూర్చోబెడితే పిల్లలు పొలం గట్టున చూసేదానికీ కాగితానికీ పొంతన కుదరదు.

జిల్లేడు ఆకు అడుగున ఒంటరిగా తెల్లటి గుడ్డు. గొంగళిపురుగు మీద తెలుపు, నలుపు అడ్డచారలు, మధ్య పసుపు మచ్చలు, మూడు జతల నల్లటి కొమ్ముల్లాంటి తంతువులు. రెండు జతలే గీసిన బొమ్మలు చాలా కనిపిస్తాయి, లెక్క చూసుకోండి. జిల్లేడు పాలలోని విషం తినే పురుగు ఒంట్లో చేరుతుంది, పెద్దయ్యాక కూడా పిట్టలు దాన్ని తినవు. అందుకే అది తొందర లేకుండా మెల్లగా ఎగురుతుంది. ఈ వాక్యం పేజీ మీదే అచ్చు వేయండి.

పిల్లల చేత మాత్రం జిల్లేడు కోయించొద్దు. పాలు కంట్లో పడితే ప్రమాదం. పెద్దవాళ్లే ఒక కొమ్మ కోసి, తెగిన చోట తడిగుడ్డ చుట్టి, బల్ల మీద మధ్యలో పెట్టాలి. నాభి అయితే దుంప నుంచి గింజ దాకా మొత్తం విషమే. దాన్ని గదిలోకే తేకండి, ఉన్నచోటికే పిల్లల్ని తీసుకెళ్లి దూరం నుంచి చూపించండి.

క్రేయాన్ డబ్బా
మూడో ప్రశ్నకి నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. ‘1 అంటే ఎరుపు, 2 అంటే పచ్చ’ అని అంకెలు పెట్టి వేయించే పద్ధతి వద్దు. పిల్లలు అంకెనే చూస్తారు, పువ్వుని చూడరు. అలాగని పూర్తిగా వదిలేస్తే నీలం మోదుగ వస్తుంది. మధ్య దారి ఇది. పేజీ అడుగున మూడు ఖాళీ గళ్లు పెట్టండి. పిల్లలు ముందుగా రాలిన రేకని గడి పక్కన పెట్టుకుని, ఆ రంగు వచ్చేదాకా గళ్లలోనే కలిపి చూడాలి. మూడో గడికి దగ్గరగా వస్తుంది. ఆ తర్వాతే బొమ్మ ముట్టుకోవాలి.

మొదటి అయిదు నిమిషాలు పెన్సిళ్లు డబ్బాలోనే. చూడటం, లెక్కపెట్టడం, వాసన చూడటం. పేజీ మీద ‘కేసరాలు ___, రేకలు ___’ అని ఖాళీలు ఉంటే చేతులు ఊరుకుంటాయి. వెలుతురు కూడా ముఖ్యం. పసుపు బల్బు కింద పసుపుకీ నారింజకీ తేడా తెలియదు, అరుగు మీద పగటి వెలుగులో కూర్చోబెట్టండి. రాలిన పూలు పొద్దున్నే ఏరి తడిగుడ్డలో చుట్టి ఉంచండి. మధ్యాహ్నానికి మోదుగ వాడి గోధుమ రంగులోకి పోతుంది, పిల్లలు అదే వేస్తారు.

పన్నెండు రంగుల డబ్బాతో ఎలా రాబట్టాలంటే: మోదుగకి ముందు పసుపు మొత్తం పల్చగా, దాని మీద నారింజ, అంచుల్లో ఎరుపు. ముదురు ముందు వేస్తే పసుపు దాని మీద పట్టదు. రేకల తొడిమ దగ్గరి తొడుగు ముదురు గోధుమ మీద ఆకుపచ్చ, మఖమల్‌లా ఉంటుంది. జిల్లేడు పువ్వుకి గులాబీ పల్చగా వేసి మీద నీలం మరీ తేలిగ్గా, నొక్కకూడదు. జిల్లేడు ఆకు మామూలు పచ్చ కాదు, బూడిద పూసినట్టుంటుంది. లేతపచ్చ వేసి తెల్ల పెన్సిల్‌తో గట్టిగా రుద్దితే వస్తుంది. తెల్ల పెన్సిల్ పనికిరాదని పారేస్తారు, దాని అసలు పని ఇదే.

తుమ్మిలాంటి తెల్లపూలకి పువ్వు వదిలేసి వెనక నేపథ్యానికి లేతపచ్చ వేయించండి, పువ్వు దానంతటదే తేలుతుంది. తెల్లపువ్వుకి రంగు లేదు కదా అని ఆ పేజీ మానేయకండి.

తుమ్మిపూలు
తుమ్మి పేజీకి ఒక చేర్పు. పై పెదవి టోపీలా వంగి ఉంటుంది, కేసరాలు దాని కిందే. తేనెటీగ కింది పెదవి మీద వాలి తల లోపల పెట్టగానే పుప్పొడి దాని వీపు వైపు అంటుతుంది. మోదుగలో పిట్ట మెడ కింద, తుమ్మిలో తేనెటీగ వీపు మీద. రెండు పేజీల్లోనూ పసుపు చుక్కలు పిల్లలే పెట్టాలి, అచ్చు వేసి ఇవ్వకండి. చుక్కలు సరైన చోట పెట్టారంటే పాఠం అందినట్టే.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
గడ్డిచామంతి మీద, లంటానా మీద సీతాకోకచిలుకలు ముసురుతాయి. పిల్లలకి అన్నిటికంటే దగ్గరగా కనిపించేవి అవే. వాటిని వదిలేయడం సరైనదేనా?

నాగావళి
వదిలేయకండి, వేరే పేజీలో పెట్టండి. రెండూ అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చినవి. పేజీ పేరు ‘వచ్చి చేరినవి’. వయ్యారిభామ కూడా అందులోకే. పెద్ద సీతాకోకచిలుక ఎక్కడి పువ్వు దొరికినా తాగుతుంది, కానీ గొంగళిపురుగు అలా కాదు. ప్లెయిన్ టైగర్ పురుగుకి లంటానా ఆకు పెడితే ఆకలితో చస్తుంది. కాబట్టి పేజీని రెండు సగాలు చేయండి: ఎడమవైపు ‘తాగేది’, కుడివైపు ‘పిల్లలు తినేది’. కుడివైపు జిల్లేడు, కరివేపాకు, మారేడు, రేల ఆకులు. ఏ పురుగుది ఏ ఆకో గీత గీసి కలపమనండి.

కరివేపాకు పేజీలో ఒక మంచి చిక్కు ఉంది. కామన్ మార్మన్ ఆడది మూడు వేషాల్లో ఉంటుంది. ఒకటి మగదానిలాగే. మిగతా రెండూ కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్ అనే చేదు సీతాకోకచిలుకల్ని అనుకరిస్తాయి. రెక్కలు చూస్తే పోల్చడం కష్టం. ఒళ్లు చూడాలి: ఎర్రగా ఉంటే రోజ్, నల్లగా ఉంటే మార్మన్. రెక్కలకి రంగులు మీరే అచ్చు వేసి, ఒళ్లు మాత్రం ఖాళీగా వదలండి. లేత పురుగు పిట్టరెట్టలా గోధుమ, తెలుపు. ముదిరాక పచ్చన. పిల్లలు మొదటిదాన్ని కూడా పచ్చగానే వేస్తారు, నిజం పురుగుని ఒక్కసారి చూపిస్తే మారుతుంది.

ప్రాణహిత ఒడ్డు
మా దిక్కు పిల్లలకైతే బ్లూ మార్మన్ కూడ పెట్టాలె. 2015ల మహారాష్ట్ర దాన్ని రాష్ట్ర సీతాకోకచిలుకగ ప్రకటించింది. నల్లరెక్క మీద లేతనీలం, నల్లచుక్కలు. దాని పురుగులు గూడ నిమ్మ కుటుంబపు ఆకులే తింటయి, గందుకే అదే పేజీల ఇముడుతది. మేడి గురించి ఎవలూ చెప్పలే.

తుమ్మిపూలు
మేడిపండులో పురుగులుంటాయని అందరం విన్నదే, అవి ఎందుకున్నాయో చెప్పే పేజీ ఇది. ఒడియాలో డిమిరి, మరాఠీలో ఉంబర్. మేడికాయని నిలువుగా కోసినట్టు పెద్ద గుండ్రం గీయండి. లోపలి గోడ నిండా వందల పూలు, అన్నీ లోపలికే తిరిగి ఉంటాయి. పైన కొసన సన్నటి ద్వారం. ఆడ కందిరీగ అందులోంచి దూరేటప్పుడు రెక్కలు విరిగిపోతాయి, వాటిని ద్వారం బయట పడి ఉన్నట్టు గీయండి. లోపల అది తెచ్చిన పుప్పొడి పూలకి అంటుతుంది, కొన్ని పూలలో గుడ్లు పెడుతుంది. కొత్త తరంలో మగవాటికి రెక్కలుండవు. అవి పండు గోడకి దారి తొలిస్తే రెక్కలున్న ఆడవి పుప్పొడితో బయటికొస్తాయి.

పూలన్నీ విడివిడిగా గీస్తే ఎవరూ పూర్తి చేయలేరు. ఒక పావు భాగంలోనే పూలు గీసి, మిగతా గోడని పట్టీగా వదలండి.

వంశధార గట్టు
ఒక్కటే మిగిలింది. ఇప్ప–గబ్బిలం రాత్రి బొమ్మ. పేజీ అంతా నలుపు వేయిస్తే గీతలు మునిగిపోతున్నాయి, నలుపు పెన్సిళ్లు అయిపోతున్నాయి.

క్రేయాన్ డబ్బా
దానికి పెన్సిల్ వద్దమ్మా, మైనం పద్ధతి వాడండి. ఈ ఒక్క పేజీకి 150 జీఎస్ఎం పైన కాగితం, లేజర్ లేదా జిరాక్స్ అచ్చు. ముందుగా ఇప్పపూలని లేత మీగడ రంగు రావడానికి తెల్ల మైనపు క్రేయాన్, మీద కొంచెం పసుపు, గట్టిగా నొక్కి. తొడుగులకి తుప్పు గోధుమ క్రేయాన్. పూల కాలంలో కొమ్మకి ఆకులు రాలిపోయి ఉంటాయి, కొసన రాగి రంగు లేతాకులు రెండు మూడు గీస్తే చాలు. పూలు గుత్తిగా కిందికి వేలాడాలి, ప్రతి పువ్వు నుంచీ కీలం సన్నటి దారంలా బయటికి పొడుచుకు రావాలి. గబ్బిలం పువ్వు గుత్తిని పట్టుకుని వేలాడుతున్నట్టు గోధుమ క్రేయాన్‌తో.

తర్వాత నీలం నీళ్లరంగు ఒక చెంచాకి ఆరు చెంచాల నీళ్లు, అందులో చిటికెడు నలుపు. వెడల్పు బ్రష్‌తో పై నుంచి కిందికి ఒక్కసారే తిప్పాలి. మైనం ఉన్నచోట నీళ్లు నిలవవు, పూలు వెలుగుతాయి. రంగు చిక్కగా ఉంటే మైనం మీద కూడా పేరుకుంటుంది. మైనం పల్చగా రాస్తే మధ్యమధ్యలో నీలం దూరుతుంది, అప్పుడు పిల్లలు మళ్లీ మళ్లీ బ్రష్ రుద్దుతారు, కాగితం పొరలు లేస్తాయి. ఒక్క పూతతో ఆపించండి. ఆరాక కాగితం వంకర తిరిగితే వెనకవైపు తడిగుడ్డతో అద్ది, రెండు పాత పేపర్ల మధ్య పెట్టి, రాత్రంతా బరువు ఉంచితే సాపవుతుంది.